రోమియో ఆ కాసేపు ఆగి ఉంటే

కడప

పిల్లలకు అవ్వ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పెద్దది అడిగినదానికి కుక్కర్ కూతల మధ్య సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "రోమియో జూలియెట్‌లను చంపింది ఇండ్ల మధ్య పగే కదవ్వా, పాపం వాళ్ల తప్పేముంది?" అన్నావు. సీమలో పుట్టినదానివి, పగ మీదికే నీ చూపు పోవడం సహజమే.

కానీ ఒకటి చూడు. షేక్‌స్పియర్‌కు ఈ కథ ఆర్థర్ బ్రూక్ 1562లో అచ్చువేయించిన కావ్యం నుంచి దొరికింది. అందులో ఈ ప్రేమ నెలల తరబడి నడుస్తుంది. షేక్‌స్పియర్ దాన్ని ఆదివారం మొదలుపెట్టి గురువారం తెల్లారేసరికి ముగించేశాడు. జూలియెట్ వయసు కూడా తగ్గించి, పద్నాలుగు నిండని పిల్లను చేశాడు. పగ పాత కథలోనూ ఉంది. ఈయన కొత్తగా తెచ్చి పెట్టింది తొందరను.

నాటకం మొదట్లో రోమియో ఏడుస్తున్నది జూలియెట్ కోసం కాదు, రోజలైన్ అనే అమ్మాయి కోసం. పట్టపగలు కిటికీలు మూసుకుని దిగులుపడతాడు. ఆ పిల్లవాడికి బాధపడటం ఒక అలవాటు, కొంచెం ఇష్టం కూడా. (ఇట్లాంటి వాళ్లను నా సర్వీసులో చాలామందినే చూశాను.) తన మిత్రుణ్ణి చంపాడన్న కోపంలో జూలియెట్ బంధువు టిబాల్ట్‌ను చంపి, ఆ వెంటనే విధి తనతో ఆడుకుందని మొత్తుకుంటాడు. కత్తి దూసింది విధి కాదు కదా!

జూలియెట్ తెలివైనది. ఇదంతా మరీ తొందరగా జరుగుతోందని మొదటి రాత్రే తన నోటితోనే అంటుంది. అని, ఆ రాత్రే పెండ్లి మాట కూడా ఎత్తుతుంది. తండ్రి అంతకన్నా ఆత్రగాడు, ఆమెకు వేరొకరితో పెట్టిన గురువారం పెండ్లి ముహూర్తాన్ని బుధవారానికి జరిపాడు. సన్యాసి లారెన్స్ మెల్లగా పొమ్మని రోమియోకు బుద్ధి చెప్పి, ఆ మధ్యాహ్నమే ఆ ఇద్దరికీ గుట్టుగా పెండ్లి చేశాడు.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఐదో అంకం. జూలియెట్ నిజంగా చనిపోలేదు, సన్యాసి ఇచ్చిన మందు తాగి చచ్చినట్టు నిద్రపోతోంది. ఆ సంగతి రాసిన సన్యాసి ఉత్తరం రోమియోకు అందలేదు. జూలియెట్ చనిపోయిందని నౌకరు వచ్చి చెప్పగానే, సన్యాసి దగ్గర నుంచి ఉత్తరమేమైనా ఉందా అని రోమియో అడుగుతాడు. లేదని నౌకరు చెబితే, పోనీలే అంటాడు. అడగాల్సింది అడిగాడు, ఆ ఉత్తరం కోసం ఆగలేదు. నలభై డకెట్లు (అప్పటి బంగారు నాణేలు) పోసి విషం కొన్నాడు. సమాధిలో ఆమె పెదాలు, బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉన్నాయని చూశాడు కూడా. చూసి, చావు కూడా నీ అందాన్ని గెలవలేకపోయిందని కవిత్వం చెప్పి విషం తాగాడు.

ఒకసారి ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచి, "ఎర్రగా ఉన్నాయని చూసినోడు డాక్టర్‌నన్నా పిలవొచ్చు గదా మేడం!" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మళ్లీ చదివాను. కాసేపటికే మేలుకున్న జూలియెట్, విషం చుక్కేమైనా మిగిలిందేమోనని అతణ్ణి ముద్దుపెట్టుకుని, నీ పెదాలు వెచ్చగా ఉన్నాయి అంటుంది. ఇంక నవ్వు రాలేదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకోండి. ఆ సీన్ గట్టిగా చదువుదాం. జూలియెట్ పెద్దది, రోమియో చిన్నోడు. విషం తాగేటప్పుడు చిన్నోడు ఇకిలిస్తే మాత్రం ఆ రోజు ఉగ్గాని లేదు, బజ్జీ లేదు.

ఇట్లు,
మీ అవ్వ