పిలుపు లేఖలో తేదీ ఎవరు వేయాలి?

రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌కు (లక్షణాలు లేనివారిలో వ్యాధిని ముందే పసిగట్టే పరీక్షకు) పిలిచే లేఖలో పరీక్ష తేదీ ముందే వేసి పంపాలా, మహిళలే ఫోన్ చేసి సమయం ఖరారు చేసుకోవాలా అన్న వివాదం ఇంగ్లండ్‌లో మళ్లీ రాజుకుంది. అక్కడ ఈ స్క్రీనింగ్ కార్యక్రమం 1988లోనే మొదలైనా, ఇప్పటి తగవుకు మూలమైన 2020 శరత్కాలానికే నేరుగా వెళ్లడం మేలు.

అప్పటిదాకా 50 ఏళ్లు దాటిన మహిళలకు మూడేళ్లకోసారి అందే లేఖలో ఫలానా రోజు, ఫలానా సమయానికి రమ్మని రాసి ఉండేది. కుదరనివారు మాత్రమే ఫోన్ చేసి మార్చుకునేవారు. కొవిడ్ వల్ల పరీక్షలు ఆగి, వేచి ఉన్నవారి జాబితా కొండలా పెరిగింది. రోజుకు కొద్దిమందినే చూడగలిగే స్థితిలో, రానివారి కోసం అట్టిపెట్టిన సమయం వృథా కాకూడదని తేదీ తీసేసి ఫోన్ నంబరు మాత్రమే ఇచ్చే పద్ధతికి మళ్లారు. మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) యంత్రం ఖాళీగా ఉండకూడదన్నంతవరకు ఈ లెక్క సరైనదే.

అయితే దీని ఫలితం ఎలా ఉంటుందో అధికారులకు తెలియనిది కాదు. తొలి పిలుపుకు రాని సుమారు 26 వేల మందిపై ఇంగ్లండ్‌లోనే జరిగి, 2017లో ప్రచురితమైన ప్రయోగంలో, రెండో లేఖలో తేదీ వేసి పంపితే 22 శాతం మంది వచ్చారు. మీరే ఫోన్ చేయండి అంటే 12 శాతమే వచ్చారు. లైన్ కలిసేదాకా ఆగడం, పని మధ్యలో తీరిక చూసుకోవడం, రాని భాషలో మాట్లాడటం లాంటి శ్రమంతా కొత్త పద్ధతిలో మహిళ నెత్తినే పడింది. 2019-20లో 69.1 శాతంగా ఉన్న హాజరు మరుసటి ఏడాది 61.8కి పడిపోయింది. మహమ్మారి భయమూ కారణమేనన్న అధికారుల మాట నిజమే, కానీ అదొక్కటే కారణమని నమ్మడం కష్టం.

ముందే తేదీ వేయడం స్వేచ్ఛగా నిర్ణయించుకోనివ్వదన్న అభ్యంతరం పాతదే. పిలుపుతో పంపే కరపత్రం స్క్రీనింగ్ నష్టాలను సరిగా చెప్పడం లేదంటూ 2009లో చెలరేగిన దుమారం తర్వాత నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం, స్క్రీనింగ్ ఒక మరణాన్ని తప్పించే చోట ముగ్గురికి అనవసర నిర్ధారణ (ఎన్నడూ హాని చేయని క్యాన్సర్‌ను గుర్తించి చికిత్స చేయడం) జరుగుతుందని 2012లో తేల్చింది. ఆ నష్టాలను చెబుతూ కొత్త కరపత్రం వచ్చింది. లేఖలో తేదీ మాత్రం అలాగే కొనసాగింది.

ఇప్పుడు అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లోనే పిలుపు పంపే ఏర్పాటు వస్తోంది. ఆ సందేశంలో తేదీ ఉంటుందా, సమయం ఎంచుకునే బటన్ మాత్రమే ఉంటుందా అన్నదే ఇరుపక్షాల మధ్య తగవు.