111 జీవో వెనక ఆముదం నూనె కేసు

హైదరాబాద్ జంట జలాశయాలైన గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో ఉండాలా, పోవాలా అన్న మాట మళ్లీ వినపడగానే చర్చంతా భూముల రేట్ల మీదికే పోతోంది. 1908 మూసీ వరదలు, ఆ తర్వాత వీటిని కట్టిన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ కొన్న 12 ఎకరాల దగ్గరికి వెళ్లాలి.

జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1994లోనే ఆదేశాలున్నాయి. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద హోటళ్లు, నివాస కాలనీలపై కూడా ఆంక్షలు పెట్టింది. ఈ పరిధిలోనే ఆ కంపెనీ ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. కంపెనీ అప్పీలుకెళ్లింది. మా టెక్నాలజీతో కాలుష్యమే ఉండదని ఒక శాస్త్రవేత్త అఫిడవిట్ ఇస్తే, అప్పీలు విన్న రిటైర్డ్ హైకోర్టు జడ్జి సరేనన్నారు. 1997 జులైలో, గీత గీసిన ప్రభుత్వమే ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. హైకోర్టులోనూ ఓడిన మండలి సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

అక్కడ ఆ కేసు జస్టిస్ ఎం.జగన్నాథరావు ముందుకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయవాదిగా మొదలై ఎదిగిన మనిషి. 1999 జనవరి 27 నాటి తీర్పులో ఆయన ప్రశ్ననే తిరగేశారు. ఫ్యాక్టరీతో హాని జరుగుతుందని ఎదుటివాళ్లు రుజువు చేయనక్కర్లేదు, జరగదని పెట్టేవాళ్లే రుజువు చేయాలి. మన పెద్దలు కీడెంచి మేలెంచమన్నదే చట్టమైంది. 2000 డిసెంబరు 1న తుది తీర్పు వచ్చింది. నిషేధిత ప్రాంతంలో ఒక్క కంపెనీకి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదని, తాగునీరు జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది.

సైన్సు తెలియని అప్పీలు వ్యవస్థ ఎంత ప్రమాదమో ఈ కేసులోనే బయటపడింది. దీన్ని చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ చూడాలని 1999 తీర్పులోనే రాశారు. రిటైరయ్యాక ఆ కమిషన్‌కు ఆయనే చైర్మన్ అయ్యారు. పర్యావరణ కోర్టులు కావాలంటూ 2003లో 186వ నివేదిక ఇచ్చారు. పర్యావరణ కేసులు వినడానికి 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు దారి వేసింది అదే. ఎగువ నీటిని కాపాడే విధానానికి తెలుగువాళ్లలో ఇంత సేవ చేసిన న్యాయ నిపుణుడు మరొకరు నాకు గుర్తురారు.

84 గ్రామాల రైతుల బాధా నిజమే. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది, పక్కనే తమ భూమి మాత్రం కదల్లేదంటారు. కృష్ణా, గోదావరి నీళ్లొచ్చాయి కాబట్టి ఈ చెరువులపై నగరం ఆధారపడటం లేదన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ఆ మాటతోనే 2022 ఏప్రిల్ 12న 69 జీవో తెచ్చి ఆంక్షలు సడలించారు. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని కేబినెట్ నిర్ణయించింది.

కానీ ఈ జలాశయాలు తాగడానికే కట్టినవి కావు, వరద ఆపడానికి కూడా. 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తాక మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చాయి. ఎగువన మట్టి నేలంతా కాంక్రీటైతే ఆ వరద ఇంకెంత వేగంగా దిగుతుందో ఎవరు లెక్క చెప్పారు? పెద్దషాపూర్ తీర్పు ప్రకారం చెప్పాల్సింది ఆంక్షలు వద్దనేవాళ్లే. 69 జీవోలో మాత్రం ఆంక్షలు ముందు తీసేసి, జలాశయాలను ఎలా కాపాడాలో చెప్పమని కమిటీ వేశారు.