బరువు తగ్గాక ఒళ్ళు బిగువు పట్టాలంటే: అపోహలు - వాస్తవాలు

పది పదిహేను కేజీలు తగ్గిన ఆడవాళ్ళకి చుట్టాల దగ్గర దొరికే మొదటి మెచ్చుకోలు: "ఏంటమ్మా ఇలా పీక్కుపోయావు, ఒంట్లో బాగుండట్లేదా?" చేతుల కింద జారినట్టు, పొట్ట వదులుగా, నడుము కింద చదునుగా కనిపిస్తున్న మాట నిజమే. దానికి చాలామంది పట్టుకునే మందు ఇంకో మూడు కేజీలు తగ్గడం. లెక్క తప్పేది అక్కడే. తిండి కోసేసి, నడక ఒక్కదాన్నే నమ్ముకుని దిగిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కాదు, కండా దాంతోపాటు ఉండే నీరూ. అంటే 12 కేజీలు తగ్గితే అందులో దాదాపు 3 కేజీలు పోకూడనివి పోయాయి. అవి తిరిగి రావాలంటే ఎత్తే బరువు పెరుగుతూ పోవాలి, తిండి సరిపడా ఉండాలి. విజయవాడ, గుంటూరు జిమ్ముల లేడీస్ బ్యాచ్‌లలో వినపడే అపోహల్లో చాలావరకు ఈ రెంటికీ అడ్డం పడేవే.

అపోహ: బరువులెత్తితే మగాళ్ళలా కండలు తిరుగుతాయి.

రావు. కండ పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళలో సాధారణంగా మగవాళ్ళకున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. నెలకి పావు కేజీ కండ వచ్చినా మంచి ఫలితమే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో (ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అదే జీవితంగా సాధన చేస్తే వచ్చే బలం అది. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చేసేవాళ్ళు పొరపాటున అక్కడిదాకా వెళ్ళిపోతామని భయపడక్కర్లేదు. వ్యాయామం అవగానే చేతులు ఉబ్బినట్టు అనిపించేది ఆ కాసేపు కండలోకి చేరిన రక్తం వల్లే, గంటా రెండు గంటల్లో దిగిపోతుంది.

అపోహ: చిన్న డంబెల్‌తో ఎక్కువ రెప్స్ చేస్తే టోన్ అవుతుంది, పెద్ద బరువులు అక్కర్లేదు.

ఒక కదలికని ఒకసారి చేస్తే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసే రెప్స్ ఒక సెట్. టోన్ అంటే ఒళ్ళు బిగువు పట్టడం. ఆడవాళ్ళ సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువ తినేసిన అపోహ ఇదే. గులాబీ రంగు ఒక కేజీ డంబెల్‌తో, పక్కావిడతో సీరియల్ కబుర్లు చెప్పుకుంటూ 40 రెప్స్ కొడితే కండకి పని పడదు. రెప్స్ 6 అయినా 25 అయినా ఫర్వాలేదు, సెట్ ఆఖరికి వచ్చేసరికి ఇంకో రెండు మాత్రమే చేయగలను అనిపించాలి. గుర్తు పట్టడం తేలిక: చివరి రెండు మూడు రెప్స్ మీరు వద్దన్నా నెమ్మదిస్తాయి, మాట్లాడటం కుదరదు. సెట్ మొదట్లో ఉన్న వేగమే చివర్లోనూ ఉందంటే బరువు చాల్లేదు.

వాడకానికి 8 నుంచి 12 రెప్స్ సుఖం. మూడు సెట్లలోనూ 12 చేయగలిగాక బరువు పెంచి మళ్ళీ 8 దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడే మన జిమ్ముల్లో ఒక చిక్కు. డంబెల్స్ 2.5, 5, 7.5, 10 కేజీలు ఇలా ఉంటాయి. 5 నుంచి 7.5కి వెళ్ళడమంటే ఒక్కసారిగా సగం బరువు పెరగడం. భుజాల వ్యాయామంలో చాలామంది నెలల తరబడి 5 దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే తప్ప బలం లేక కాదు. దారి ఏంటంటే 5తో 15 రెప్స్ దాకా లాగండి. తర్వాత మొదటి సెట్ మాత్రం 7.5తో ఎన్నొస్తే అన్ని, ఐదైనా సరే, మిగతా రెండు సెట్లు 5తో. రెండు మూడు వారాల్లో రెండో సెట్ కూడా 7.5కి వెళ్తుంది. బార్‌తో (రెండు చివర్లా ప్లేట్లు తగిలించే పొడవాటి రాడ్) చేసేవాళ్ళు ముందు రాడ్ బరువు అడగండి. ఒలింపిక్ బార్ 20 కేజీలు, ఆడవాళ్ళ బార్ 15. జిమ్‌లో ఉన్న పొట్టి రాడ్డు ఇంకా తక్కువ ఉండొచ్చు. అది తెలియకపోతే మీరు రాసుకునే లెక్కంతా తప్పే.

వారానికి కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండలన్నిటికీ బలం వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజు విడిచి రోజు మూడు రోజులైతే ఇంకా మేలు. ఈ రెండు వరసల్ని మార్చి మార్చి చేయండి:

మొదటి వరస: డంబెల్‌ని గుండెకి ఆనించి పట్టుకుని గాబ్లెట్ స్క్వాట్ (గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్‌ని ఛాతీ దాకా కిందికి లాగడం), డంబెల్ చెస్ట్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం) మూడేసి సెట్లు; లెగ్ కర్ల్ (మెషిన్ మీద మడమల్ని వెనక్కి మడవడం) రెండు సెట్లు.

రెండో వరస: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (ఎలా చేయాలో కింద ఉంది), సీటెడ్ రో (కూర్చుని ముందున్న పిడిని పొట్ట వైపు లాగడం), షోల్డర్ ప్రెస్ (భుజాల మీంచి తల పైకి నెట్టడం) మూడేసి సెట్లు, స్టెప్ అప్స్ (ఎత్తు మీదకి ఎక్కి దిగడం) కాలుకి 8 చొప్పున రెండు సెట్లు, చివర రెండు చేతుల్లో బరువైన డంబెల్స్ పట్టుకుని 30 అడుగులు నడక, మూడుసార్లు.

సెట్‌కీ సెట్‌కీ మధ్య 2 నిమిషాలు ఆగాలి. ఖాళీగా నిలబడటం ఇబ్బందనిపించి 20 సెకన్లకే మళ్ళీ మొదలుపెడితే ముందు ఆయాసం వస్తుంది, కండ అలసేలోపే సెట్ వదిలేస్తారు. అసలు బరువుకి ముందు దాంట్లో సగంతో ఒక సెట్ చేస్తే కీళ్ళు సిద్ధమవుతాయి.

ఈ జాబితాలో తప్పు చేయడానికి ఎక్కువ వీలున్నది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. పిరుదులకీ తొడల వెనక భాగానికీ దీన్ని మించింది లేదు, కానీ పది మందిలో ఎక్కువమంది నడుముతోనే వంగేస్తారు. గోడకి వీపు చూపిస్తూ, మడమలకీ గోడకీ మధ్య జానెడు దూరం వదిలి నిలబడండి. మోకాళ్ళు కొంచెం వదులు చేసి అక్కడితో ఆపండి. రెండు చేతులా సంచులున్నప్పుడు వెనకున్న తలుపుని పిరుదులతో నెట్టినట్టు వెనక్కి నెట్టి గోడని తాకండి. డంబెల్స్ తొడల్ని రాసుకుంటూ మోకాలి చిప్ప కిందిదాకా జారాలి. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా ఉంది. నడుము లాగుతోందంటే బరువులు కాళ్ళకి దూరంగా జరిగాయి, లేదా నేలదాకా తీసుకెళ్ళాలని చూస్తున్నారు. గోడ సులువుగా అందుతుంటే రెండంగుళాలు ముందుకి జరగండి.

అపోహ: పొట్టకి క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకి లేపడం) చేస్తే పొట్ట, చేతులకి చేస్తే చేతులు కరుగుతాయి.

కొవ్వు ఒంటి మొత్తం మీద తగ్గుతుంది. ఏ చోట ముందు, ఏ చోట చివర అనేది మీ వంశాన్నీ వయసునీ బట్టి. పొట్టలో మిగిలింది కొవ్వా, వదులు చర్మమా తెలుసుకోవాలంటే కూర్చుని బొడ్డు కింద రెండు వేళ్ళతో పట్టి చూడండి. మందంగా చేతికొస్తే కొవ్వు. పల్చటి మడతగా వస్తే చర్మం. చర్మాన్ని ఏ వ్యాయామమూ, ఏ క్రీమూ కత్తిరించలేవు. అడుగున కండ పెరిగితే కొంత నిండుతుంది, ఏడాది దాకా తనంతట తనూ కొంత ముడుచుకుంటుంది. 30, 40 కేజీలు తగ్గినవాళ్ళకి, కాన్పుల్లో పొట్ట బాగా సాగినవాళ్ళకి కొంత మిగిలిపోతుంది. మడతల్లో ఒరుపు, పుండ్లు వస్తుంటే చర్మ వైద్యుల్ని కలవండి. ఆపరేషన్ ఆలోచన ఉంటే బరువు కనీసం ఆరు నెలలు ఒకే చోట నిలిచాకే.

అపోహ: బరువులెత్తితే గర్భసంచి జారుతుంది.

అత్తగార్లు, అమ్మలు గట్టిగా నమ్మే మాట. 25 కేజీల బియ్యం బస్తా, నిండు గ్యాస్ బండ జరిపేటప్పుడు మాత్రం ఈ మాట ఎవరికీ గుర్తు రాదు. గర్భసంచి జారడానికి ముఖ్య కారణాలు సాధారణ కాన్పుల్లో కటి కండరాలు (గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసేవి) దెబ్బతినడం, నెలసరి ఆగిన వయసు, ఊబకాయం, ఏళ్ళ తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు. పద్ధతిగా, మెట్టుమెట్టుగా పెంచే బరువుల వ్యాయామాన్ని ఆ వరసలో చేర్చలేం.

అయితే జాగ్రత్త పడాల్సిన గుర్తులున్నాయి. ఎత్తేటప్పుడు మూత్రం చుక్కలు పడటం, కింద బరువుగా, ఏదో దిగుతున్నట్టు అనిపించడం. అలా ఉంటే ముందు గైనకాలజిస్ట్ పరీక్ష, కటి కండరాల వ్యాయామం. అందరికీ పనికొచ్చే అలవాటు ఒకటుంది: బరువు పైకి లేపేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. బీపీ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. సిజేరియన్ అయినవాళ్ళు వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి చూసుకోండి. పొట్ట మధ్యలో గట్టులా ఉబికితే కండరాలు ఇంకా విడిపోయే ఉన్నాయి. క్రంచెస్ మానేసి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువగా తేలే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆపరేషన్ తర్వాత సాధారణంగా 6 నుంచి 8 వారాలు బరువులు ముట్టకూడదు, ఆ తర్వాత డాక్టర్ సరేనన్నాకే. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముక త్వరగా పల్చబడుతుంది. అలాంటివాళ్ళకి ఈ వ్యాయామం అందరికన్నా ఎక్కువ అవసరం. "ఆపరేషన్ అయింది కదా, నువ్వు వాకింగ్ చాలమ్మా" అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు, సలహా మాత్రం తలకిందులు.

అపోహ: రోజూ పప్పు, పెరుగు తింటున్నాం, ప్రోటీన్‌కి లోటేముంది?

లెక్క వేద్దాం. బరువులెత్తే 60 కేజీల మనిషికి రోజుకి కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాముల చొప్పున 72 నుంచి 96 గ్రాములు కావాలి. పొద్దున నాలుగు ఇడ్లీల్లో 8 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు కలిపి 15 నుంచి 18. సాయంత్రం టీ, జంతికల్లో రెండో మూడో గ్రాములు. రాత్రి రెండు పుల్కాలు, కూర 8. మొత్తం 35 దాటితే గొప్ప.

అదే పొద్దున ఉప్మా లేకుండా రెండు పెసరట్లు (పెసలు 80 గ్రాములు) అంటే సుమారు 19, రెండు గుడ్లతో 12. మధ్యాహ్నం అన్నం, కందిపప్పు, గరిటె కాదు గిన్నెడు పెరుగుతో 19. సాయంత్రం 50 గ్రాముల సెనగలు గుగ్గిళ్ళు చేసుకుంటే 10, గ్లాసు పాలలో 6. రాత్రి పుల్కాలతో 100 గ్రాముల పనీరో చికెనో అయితే 25. తొంభై దాటింది. కార్తీక మాసంలో గుడ్డు, మాంసం మానేసేవాళ్ళకి మీల్ మేకర్ అక్కరకొస్తుంది. పొడివి 30 గ్రాములు నానబెడితే 15 గ్రాములు. ఉపవాసం ఉన్న సోమవారం సాయంత్రం స్క్వాట్స్ పెట్టుకోకండి.

ఉలవచారు గురించి కూడా చెప్పాలి. ఉలవల్లో ప్రోటీన్ ఉంది నిజమే, కానీ చారు కాచేది ఉడికిన నీళ్ళతో. ప్రోటీన్ ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. బలం కావాలంటే ఆ ఉలవలు గుగ్గిళ్ళుగా తినండి, చారు రుచి కోసం పోసుకోండి.

ఇంకొకటి: బరువు తగ్గించిన డైట్‌నే ఇంకా సాగదీస్తూ కండ రావాలనుకోవద్దు. రోజుకి 200 కేలరీలు కలపండి. అది సుమారు 150 గ్రాముల అన్నం, అంతే. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే ఏ ట్రైనర్ చేతిలోనైనా బలం పెరగడం కష్టమే.

అపోహ: జిమ్‌లో చేరాక కాటా కేజీ ఎక్కువ చూపిస్తోంది, మళ్ళీ లావైపోతున్నా.

కండలో నిల్వ చేరే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (కండ దాచుకునే పిండిపదార్థం) దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో కేజీ, కేజీన్నర పెరగడం మామూలే. నెలకోసారి బొడ్డు దగ్గర, పిరుదుల దగ్గర టేపు కొలత రాసుకోండి. పాత జాకెట్టు చేతులు ఎలా పడుతున్నాయో చూడండి. మెషిన్ మీద నిలబడితే వచ్చే కొవ్వు శాతం నీళ్ళు తాగారా లేదా అన్నదాన్ని బట్టి కూడా మారిపోతుంది, దాన్ని పట్టుకుని ఏడవకండి.

అపోహ: స్క్వాట్స్‌తో మోకాళ్ళు అరుగుతాయి.

లోతు, బరువు ఒకేసారి పెంచితే నొప్పి పుడుతుంది. కుర్చీ అంచుకి పిరుదులు తగిలేంత వరకే మొదలుపెట్టండి, మోకాళ్ళు లోపలికి వాలకుండా పాదం వేళ్ళ వైపే ఉంచండి. కొద్దిపాటి నొప్పి మర్నాడు పొద్దుటికి పోతే సాగించవచ్చు. వాపు వస్తే ఆపండి.

అపోహ: చెమట ఎంత పడితే అంత కరిగినట్టు.

పడింది నీళ్ళు. బెజవాడ మే నెలలో రేకుల షెడ్డు జిమ్‌లో నడుముకి చెమట పట్టించే సోనా బెల్ట్ చుట్టుకుని చేస్తే తగ్గేది కొవ్వు కాదు, బీపీ. ఎండాకాలం ఒక సెట్ తగ్గించండి, ఉదయం పూటే ముగించండి.

అపోహ: జిమ్‌కి వెళ్ళకపోతే ఇదంతా కుదరదు.

ప్లేట్లు మార్చుకునే డంబెల్ జత ఒకటి, రెసిస్టెన్స్ బ్యాండ్ (లాగితే సాగే రబ్బరు పట్టీ) ఒకటి ఉంటే ఆరు నెలలు ఇంట్లోనే చాలు. ఇంట్లో దొరకనిది వీపుకి లాగే పని, దానికే బ్యాండ్. తలుపు సందులో ముడి బిగించి లాగేటప్పుడు, తలుపు మీ వైపు కాక అవతలికి తెరుచుకునే పక్కన నిలబడండి. అప్పుడు మీరు లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. ఇటు వైపు తెరుచుకునేదైతే గడియ వేసే చేయాలి. బ్యాండ్‌ని డాబా మీద ఎండకి వదిలేస్తే రబ్బరు పగుళ్ళిస్తుంది. వాడే ముందు సాగదీసి వెలుతురులో చూడండి, సన్నగా గీతలు కనిపిస్తే పారేయండి. తెగితే వచ్చి తగిలేది మొహానికే.