తోమకండి బాబూ! పాత అమెరికన్ చాకుల గురించి అపోహలు - వాస్తవాలు

పదమూడేళ్లుగా పాత అమెరికన్ మడత చాకులు పోగేస్తున్నాను. మేముండేది పిట్స్‌బర్గ్‌లో. ఉత్తరానికి ఓ మూడు గంటలు కారు తోలితే బ్రాడ్‌ఫర్డ్ అని చిన్న ఊరు వస్తుంది. కేస్ కంపెనీ చాకులు తయారయ్యేది అక్కడే. మా ఇంటికొచ్చిన తెలుగువాళ్లు నా పెట్టెలు చూసి రెండు ప్రశ్నలు వేస్తారు. "ఇవన్నీ ఎందుకండీ?" అన్నది మొదటిది. దానికి నా దగ్గర జవాబు లేదు, మా ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి. "అమ్మితే ఎంతొస్తుంది?" అన్నది రెండోది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం ఇన్నీ అన్నీ కావు.

అపోహ: నల్లబడిన చాకును తోమి తళతళలాడిస్తే రేటు పెరుగుతుంది

అన్నిటికంటే ఎక్కువ చాకుల్ని పాడుచేసింది ఈ నమ్మకమే. మా ఇంట్లోనూ చేసింది. కొన్నేళ్ల క్రితం అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఓ పాత మూడు బ్లేళ్ల చాకు బంగారంలా మెరుస్తోంది. "పాపం, ఎవరూ పట్టించుకున్నట్టు లేదురా, చింతపండు పెట్టి తోమాను" అంది. ఆవిడ దేవుడి దగ్గర కుందులు తోమినంత శ్రద్ధగా తోమింది. డెబ్భై ఏళ్లుగా ఆ ఉక్కు మీద కట్టిన బూడిదరంగు పొర ఒక్క మధ్యాహ్నంలో పోయింది. అమ్మను ఏమంటాం? నేను మాత్రం తక్కువ తిన్నానా, మొదటి ఏడాది మోటారు బఫింగ్ చక్రం పెట్టి రెండు చాకుల మీది కంపెనీ ముద్రలు అరగ్గొట్టాను.

మన అమ్మమ్మల ఇనప కత్తిపీట గుర్తుందా? మామిడికాయో అరటికాయో తరగ్గానే నల్లబడేది. పాత చాకుల్లోని కార్బన్ ఉక్కు స్వభావం కూడా అంతే. పులుపు, చెమట, గాలి తగిలి ఉపరితలం మీద నల్లటి, నీలిబూడిద పొర కడుతుంది. ఇంగ్లిషులో పాటినా అంటారు. అది తుప్పు కాదు. తుప్పు ఎర్రగా ఉంటుంది, పొడిలా రాలుతుంది, ఉక్కును గుంటలు పెట్టి తినేస్తుంది. పాటినా కదలకుండా ఉంటుంది, తడి నుంచి ఉక్కును కొంత కాస్తుంది కూడా. ఎర్రగా ఉన్నది ఆపాలి, నల్లగా ఉన్నది వదిలేయాలి.

ఇక రేటు సంగతి. ఫ్యాక్టరీలో బ్లేడు మీద సాన పట్టిన సన్నటి గీతలు కొన్ని పాత చాకుల మీద ఇంకా కనిపిస్తాయి. సేకర్తలు డబ్బిచ్చేది ఆ గీతలకే. ఒకసారి బఫింగ్ చేస్తే అవి తిరిగి రావు. ముద్ర అంచులు మొద్దుబారతాయి, బోల్‌స్టర్ (పిడి చివర ఉండే లోహపు తొడుగు) మూలలు గుండ్రమైపోతాయి. చేయి తిరిగినవాడు చాకు తెరవకుండానే, "దీన్ని ఎవరో చక్రం మీద పెట్టారు" అని చెప్పేస్తాడు.

నేను చేసేది ఇంతే: పళ్లపుల్లతో సందుల్లో మట్టి తీయడం, పాత బనీను గుడ్డతో తుడవడం, కీలులో ఒక్క చుక్క మినరల్ ఆయిల్ వేయడం. ఎర్ర తుప్పుంటే నూనె వేసి రెండు రోజులు నాననిచ్చి మెల్లగా రుద్దుతాను. వంటనూనె వద్దు, నాలుగు నెలల్లో బంకలా గట్టిపడుతుంది.

అపోహ: ముద్ర చూస్తే చాలు, వయసు తెలిసిపోతుంది

బ్లేడు మొదట్లో, కీలు దగ్గర ఉండే చదునైన భాగాన్ని టాంగ్ అంటారు. కంపెనీ ముద్ర ఉండేది అక్కడే. కొత్తగా ఈ సరదా పట్టినవాళ్లందరూ ముందు నేర్చుకునేది కేస్ ముద్రల లెక్క. నేర్చుకోదగ్గదే. 1920 నుంచి 1940 ప్రాంతం వరకు "టెస్టెడ్ ఎక్స్ఎక్స్" అని కొట్టారు. 1940 నుంచి 1964 దాకా "కేస్ ఎక్స్ఎక్స్". 1965 నుంచి 1969 దాకా దాని కింద "యూఎస్ఏ" చేరింది. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టారు. ఆ తర్వాత ఏడాదికో చుక్క తీసేస్తూ వచ్చారు. ఏడు చుక్కలుంటే 1973, ఒక్కటే ఉంటే 1979. ముద్ర మారుతోందని తెలిసి ఆ రోజుల్లోనే జనం దుకాణాల మీద పడి పాత ముద్ర చాకులు కొని దాచుకున్నారు. ఈ సరదా అంతగా ముదరడానికి ఆ చుక్కలూ ఒక కారణమే.

తిరకాసు ఎక్కడంటే, 1980లో మళ్లీ పది చుక్కలతోనే మొదలుపెట్టారు. అంటే పది చుక్కలున్న చాకు 1970దీ కావచ్చు, 1980దీ కావచ్చు. కేస్‌లోని "ఎస్" అక్షరం చూడాలి. మెరుపుతీగలా కోణాలు తిరిగి ఉంటే 1980ది. ఇంకొక ముచ్చట: "ఎక్స్ఎక్స్" అన్న గుర్తు నేటి కేస్ చాకుల మీద కూడా ఉంది. "ఎక్స్ఎక్స్ ఉందండీ, యుద్ధకాలం నాటిది" అని ఫొటో పంపేవాళ్లు నెలకొకరైనా తగులుతారు. చూస్తే అది మొన్నమొన్నటిది.

ఇవన్నీ తెలిసినా ముద్ర ఒక్కదాన్నే నమ్మితే మునిగిపోతాం. ముద్ర ఉండేది బ్లేడు మీద. బ్లేడును మార్చొచ్చు. విరిగిన రెండు చాకుల నుంచి ఒక "నిక్షేపమైన" చాకు పుట్టించే మహానుభావులు ఉన్నారు. పేరులేని పాత చాకు మీద పేరున్న ముద్ర కొట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే నేను ముద్ర చివర్లో చూస్తాను. ముందు చూసేవి ఇవి: రివెట్ తలలు బోల్‌స్టర్‌లో కలిసిపోయి ఉన్నాయా, లేక కొత్తగా కొట్టినట్టు వలయం కనిపిస్తోందా? రెండు బ్లేళ్లూ ఒకేలా నల్లబడ్డాయా, ఒకటి మాత్రం పెళ్లికొడుకులా ఉందా? బ్లేడు సగానికి అరిగి, పిడి మాత్రం కొత్తగా ఉంటే ఆ పిడి ఎక్కడిది? బ్లేడు మీద కొట్టిన నమూనా అంకెకు చాకు సరిపోతోందా?

ఈ అంకెల సంగతి చెప్పకుండా ఉండలేను. కేస్ 6254 అంటే: 6 - పిడి గాట్లు పెట్టిన ఎముక, 2 - బ్లేళ్ల సంఖ్య, 54 - నమూనా, ఇక్కడ ట్రాపర్ అనే రకం. అదే చాకు దుప్పికొమ్ము పిడితో 5254, పసుపు ప్లాస్టిక్ పిడితో 3254. తుపాకుల కంపెనీ రెమింగ్టన్ వాళ్లది తలకిందుల పద్ధతి. అక్కడ పిడి పదార్థం చివరి అంకెలో ఉంటుంది. ఆర్1123లో ఆ చివరి 3 అంటే ఎముక. తూటా ఆకారపు బిళ్ల పొదిగిన ఈ చాకు 1922లో వచ్చింది. రెమింగ్టన్ 1940లో చాకుల వ్యాపారం మానేసింది. 1982 నుంచి అదే పేరుతో, అదే బిళ్లతో పాత నమూనాల చాకులు మళ్లీ చేసి ఏటా తెచ్చారు. అవి నకిలీలు కావు, నిజాయితీగా అమ్మిన చాకులే. ఇప్పుడు వాటిలో తొలివాటికీ నలభై ఏళ్లు నిండాయి, జేబుల్లో అరిగాయి. "మా తాతదండీ" అని తెచ్చేవాళ్లు అబద్ధమాడుతున్నట్టూ కాదు. తాత కొన్నది 1985లో కావచ్చు కదా!

అపోహ: ఎముకో ప్లాస్టికో తేల్చాలంటే కాల్చిన సూది గుచ్చాలి

గుచ్చితే తేలుతుంది. ఆ చాకుకు ఒక చిల్లు కూడా మిగులుతుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కోండి. ఎముకలో రక్తనాళాలు నడిచిన దారులు సన్నటి చుక్కలుగా, గీతలుగా కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో ఉండవు.

అపోహ: దుప్పికొమ్ము పిడి అంటే అమెరికా జింకను చంపి చేసిందే

మనవాళ్లు వింటే ఆశ్చర్యపోయేది ఇదే. అమెరికా చాకుల మీద పేరున్న "స్టాగ్" పిళ్లలో మేలురకం చాలావరకు మన దేశపు కణుజుది. సాంబర్ అంటారే, అదే. నల్లమల అడవుల్లో మనకు కనిపించే జంతువే. అమెరికా జింకల కొమ్ము లోపల గుల్లగా ఉంటుంది, పైభాగం పలచన. కణుజు కొమ్ముకు గట్టి పొర మందంగా ఉంటుంది, పైన చెట్టు బెరడులా గరుకు తేలి చేతికి పట్టు ఇస్తుంది. కణుజు కొమ్ములు ఏటా వాటంతటవే రాలిపోతాయి. అడవిలో ఏరిన ఆ కొమ్ములే ఎగుమతి అయ్యేవి. 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. దాంతో పాత స్టాగ్ చాకుల మీద మోజు మరింత పెరిగింది.

ఎముక మీద గాట్లు పెట్టడం మొదలైందీ ఈ కొమ్మును అనుకరించడానికే. పశువు కాలి ఎముకను పలకలుగా కోసి, గాట్లు చెక్కి, రంగులో ముంచేవారు. పాత కేటలాగుల్లో దాన్ని "బోన్ స్టాగ్" అని రాసేవారు. ఆ మాట చూసి దుప్పికొమ్మని మోసపోయినవాణ్ని నేను కూడా. తమాషా ఏమిటంటే, ఇప్పుడు ఆ అనుకరణలోనే ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత ఎముక పిడికి వెర్రిగా పోటీపడతారు.

ఒక జాగ్రత్త: ఇండియా వెళ్లేటప్పుడు స్టాగ్ పిడి చాకును నేను సూట్‌కేసులో పెట్టను. వన్యప్రాణి చట్టాలతో పేచీ నాకెందుకు! మిగతా చాకులైనా చెక్-ఇన్ సామానులోనే, చేతిసంచిలో ఎప్పుడూ కాదు.

అపోహ: అమెరికా పేరుంటే అమెరికాలో చేసిందే

కాదు. ఈ తికమక ఇవాళ్టిది కూడా కాదు. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. అప్పటికి అమెరికా జేబుల్లో ఉన్న చాకుల్లో ఇంగ్లండ్ షెఫీల్డ్‌వి, జర్మనీ జోలింగెన్‌వి బోలెడు. సుంకం పెరిగాకే న్యూయార్క్, పెన్సిల్వేనియా ఊళ్లలో కార్ఖానాలు నిలదొక్కుకున్నాయి. అవే ఊళ్లలో తర్వాత తలుపులు మూతపడ్డాయి: ష్రేడ్ 2004లో, కమిలస్ 2007లో. పేర్లు మాత్రం అమ్ముడుపోయాయి. ఇవాళ ష్రేడ్ అని ఉన్న చాకు చైనాలో చేసింది కావచ్చు. బ్లేడు వెనకవైపు కూడా చదవండి.

అపోహ: పాతదైతే చాలు, ఖరీదైనదే

రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో ఇంపీరియల్ కంపెనీ రేకు పిళ్ల చాకులు లక్షల్లో చేసింది. సంతలో ఇప్పటికీ కాఫీ ఖర్చుకు దొరుకుతాయి. నాకు ఇష్టమే, కానీ వాటితో ఇల్లు కట్టలేం. సాన పట్టీపట్టీ సగానికి అరిగిన కేస్ కన్నా పెట్టెలో ఉండిపోయిన మామూలు చాకుకే ఎక్కువ పలకొచ్చు.

అపోహ: తోలు సంచిలో, అన్నీ ఒకే పెట్టెలో భద్రం

తోలు తడిని పట్టి ఉంచుతుంది. పచ్చి తోలును శుద్ధి చేయడానికి (ట్యానింగ్‌కు) వాడిన రసాయనాలు ఇత్తడికి చిలుము, ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. తోలు ఒర విడిగా, చాకు విడిగా ఉంచాలి.

అంతకన్నా పెద్ద శత్రువు సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. 1920లు, 30ల్లో మిఠాయి రంగుల పిళ్లన్నీ దీంతోనే చేసేవారు. నైట్రిక్ ఆమ్లం పెట్టి చేసిన పదార్థం కదా, ముసలితనంలో అది కుళ్లి, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి తన బ్లేడునే కాదు, పక్కనున్న చాకుల్నీ తినేస్తుంది. ఈ సరదా పట్టిన మూడో ఏట ఒక అందమైన తేనెరంగు పిడి చాకును డ్రాయర్‌లో పదకొండింటితో కలిపి పెట్టాను. వేసవి గడిచాక తీస్తే పిడి బీటలు వారి పొడి రాలుతోంది, చుట్టూ నాలుగు చాకులకు పచ్చటి చిలుము. ఇప్పుడు సెల్యులాయిడ్ చాకుల్ని గాలి ఆడే అరలో, ఒక్కోదాన్ని దూరంగా ఉంచుతున్నాను. పిడి దగ్గర ఇత్తడి పచ్చబడినా, ఘాటు వాసన వచ్చినా వెంటనే వేరు చేయండి. పైగా అది భగ్గుమని మండే పదార్థం, హీటర్ దరిదాపుల్లో వద్దు.

అపోహ: ఇవన్నీ రౌడీల బటన్ కత్తులు

బటన్ నొక్కితే తెరుచుకునేది స్విచ్‌బ్లేడ్. దాన్ని రాష్ట్రాల మధ్య అమ్మడం మీద 1958 నుంచీ ఫెడరల్ చట్టం ఉంది. మావి గోటితో తీసేవి, లాకు కూడా ఉండదు, స్ప్రింగు ఒత్తిడే పట్టి ఉంచుతుంది. పేర్లు చూస్తే వాడినవాళ్లెవరో తెలుస్తుంది: ట్రాపర్ (ఉచ్చులు పన్ని జంతువుల్ని పట్టేవాడు), మస్క్‌రాట్ (అలా బొచ్చు కోసం పట్టే ఎలుకలాంటి నీటి జంతువు), స్టాక్‌మ్యాన్ (పశువులు పెంచేవాడు). స్టాక్‌మ్యాన్‌లో మొనలేని మూడో బ్లేడు కోడెదూడలకు విత్తులు తీయడానికి పెట్టింది. ఇప్పుడు మా సేకర్తల గుంపులో దాంతో యాపిల్ కోసుకునేవాళ్లే ఎక్కువ. చెప్తే తినడం మానేస్తారని చెప్పను.

అపోహ: సేకర్తలు తమ చాకుల్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు

ముట్టుకోనిస్తారు, పద్ధతి తెలిస్తే. అడిగి తెరవాలి. బ్లేడును వేళ్లతో పట్టుకోకూడదు. టక్కున మూయకూడదు, వేలితో ఆపుతూ మెల్లగా మూయాలి. ఇచ్చేముందు గుడ్డతో తుడవాలి, ఎందుకంటే వేలిముద్రలోని చెమట వారంలో తుప్పవుతుంది. అరిగిందని తెలిసీ "దీనికెంత పెట్టారు?" అని అడక్కూడదు.

నెలకోసారి మేం కలిసే చోట మొదట్లో ఒక పెద్దాయన పీనట్ అనే రకం చిన్న చాకు ఒకటి నాకు చూడమని చాచారు. చిన్నప్పటి అలవాటు కదా, నేను చేయి చాపలేదు. మనిళ్లలో ఉప్పూ మిరపకాయలూ కత్తీ చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకుంటారు. బల్ల చూపించి అక్కడ పెట్టమన్నాను. ఆయన మొహం చిన్నబోయింది, నాకు నచ్చలేదనుకున్నట్టున్నారు. కారణం చెప్పాను. పెద్దగా నవ్వి, తమకూ ఒకటుందన్నారు: కత్తి కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందట, అందుకని పుచ్చుకున్నవాడు ఓ నాణెం ఇచ్చి కొన్నట్టు చేస్తాడట. ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు ఆ పీనట్‌ను బల్ల మీద పెట్టి నా వైపు తోశారు. జేబులు వెతికితే ఒక్క క్వార్టర్ (పావు డాలరు నాణెం) దొరికింది. చిల్లర తిరిగివ్వనన్నారు.