తక్కెడకు దొరకనిది టేపుకు దొరుకుతుంది

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు రక్త పరీక్ష రిపోర్టు పంపి అడిగారు: "నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. అందరూ బక్కపలచగా ఉన్నావంటారు. మరి ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ 34 ఎందుకు వచ్చాయి?" ట్రైగ్లిజరైడ్లంటే రక్తంలో తిరిగే కొవ్వు, ఆయనకు ఎక్కువగా ఉంది. హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్, అది తక్కువగా ఉంది. పొట్ట చుట్టుకొలత ఎంతో చెప్పమన్నాను. 92 సెంటీమీటర్లట.

మేడారం మొక్కుల్లో మనిషి బరువుకు సరితూగే బెల్లం ఇస్తాం. అమ్మవార్లకు ఆ లెక్క చాలు, వైద్యానికి చాలదు. తక్కెడకు కండా కొవ్వూ ఒకటే, ఎత్తుకు తగ్గ బరువేనా అని లెక్కగట్టే బీఎంఐకీ అంతే. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోలను పక్కపక్కన పెట్టి 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

కొవ్వు ఎంత ఉందనే దానికన్నా ఎక్కడ ఉందనేది ముఖ్యం. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు తేలిగ్గా కరిగి, కొవ్వు ఆమ్లాలుగా పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి, వీఎల్‌డీఎల్ అనే బండ్లకెత్తి రక్తంలోకి తోలుతుంది. ఇక అక్కడ వరంగల్ ఎనుమాముల మార్కెట్టే! సీఈటీపీ అనే ప్రోటీన్ అడ్తిదారులా మధ్యలో నిలబడి, వీఎల్‌డీఎల్ బండిలోని ట్రైగ్లిజరైడును హెచ్‌డీఎల్ బండికి మార్చి, బదులుగా అక్కడి కొలెస్ట్రాల్‌ను ఇటు వేయిస్తుంది. కమీషన్ అడగని అడ్తిదారు! సరుకు ఎంత వచ్చిపడితే బేరాలు అంత జోరు. ట్రైగ్లిజరైడు నిండిన హెచ్‌డీఎల్‌ను కాలేయ లైపేజ్ అనే ఎంజైమ్ ఖాళీ చేస్తుంది. చిక్కిపోయిన బండి త్వరగా విరిగి, దాని ముక్కలు మూత్రపిండాల దారి పడతాయి. హెచ్‌డీఎల్ 34కు దిగిందంటే ఇందుకే. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ బండ్లతోనూ ఇదే బేరం నడిచి అవి చిన్నవిగా, చిక్కగా తయారవుతాయి. రిపోర్టు సరుకునే తూస్తుంది, బండ్లను లెక్కపెట్టదు. అందుకే ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపిస్తూనే, ధమని గోడల్లో దూరే కణాలు పెరిగిపోవచ్చు.

కొలవడం సులువే, కానీ ప్యాంటు సైజు చూసి చెప్పకండి. దిష్టి తగలకుండా కట్టుకునే మొలతాడునూ నమ్మకండి. పొట్ట పెరిగేకొద్దీ రెండూ కిందికి జారతాయి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా టేపు చుట్టాలి. దక్షిణాసియా మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. నాకు నచ్చింది ఇంకా తేలికైన లెక్క: చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. ఈ పాఠకుడికి ఆ హద్దు 84.

అయితే టేపు రక్త పరీక్షకు బదులు కాదు. ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ సంగతిని బాగానే పసిగడుతుంది గానీ ఎల్‌డీఎల్ విషయంలో దానికి చూపు తక్కువ. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ పెరిగే జబ్బు ఉన్నవారు వెదురుబద్దలా సన్నగా కూడా ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, మీ చుట్టుకొలత ఎంతైనా సరే, రక్తంలో కొవ్వుల (లిపిడ్) పరీక్ష చేయించుకోండి.