బరువు మోపరాదు అంటే ఏ బరువు?

మా మేనత్తది అమలాపురం దగ్గర పల్లె. వానాకాలంలో పంటకాలువ రేవు మెట్ల మీద జారిపడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రిలో పిండి కట్టు వేసి, ఒక కాగితం చేతికిచ్చి పంపారు. మూడో వారం చూడ్డానికి వెళ్తే కట్టుకాలితోనే వంటింట్లో తిరుగుతోంది.

"అదేంటత్తా, ఆరు వారాలు బరువు మోపరాదని కాగితంలో రాశారు కదా?"

"ఏ బరువూ ఎత్తట్లేదురా. నీళ్ల బిందె కూడా కోడలే తెస్తోంది."

ఆ రోజే తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. అదృష్టం, ఎముక పక్కకు జరగలేదు.

అత్త రోజూ పేపరు చదువుతుంది. ఆ వాక్యంలో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు. డాక్టరు రాసింది ఒంటి బరువు గురించి, అత్త చదివింది బిందె బరువు గురించి. అప్పట్నుంచి నన్ను ఒకటే ప్రశ్న పట్టుకుంది. ఒక రాత సులువా కష్టమా అన్నది ఎలా కొలుస్తారు?

ఇంగ్లీషుకు ఫ్లెష్-కిన్‌కేడ్ సూత్రం ఉంది. 1975లో అమెరికా నౌకాదళం తన మాన్యువళ్ల కోసం తయారు చేయించుకున్నది. వాక్యానికి సగటున ఎన్ని పదాలున్నాయో చూసి 0.39తో హెచ్చవేయాలి. పదానికి సగటున ఎన్ని సిలబుళ్లు, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలు, ఉన్నాయో చూసి 11.8తో హెచ్చవేయాలి. రెండూ కలిపి 15.59 తీసేస్తే, ఎన్నో తరగతి చదివినవాళ్లకు అర్థమవుతుందో వస్తుంది. రోగులకిచ్చే రాత 6వ తరగతి స్థాయి దాటకూడదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సలహా. అక్కడి ఎముకల డాక్టర్ల సంఘం వెబ్‌సైట్‌లోని వ్యాసాలను ఇలా కొలిచి చూస్తే చాలావరకు ఆ గీత దాటినవే.

ఇదే సూత్రాన్ని తెలుగుకు పెట్టి చూశాను. మన అక్షరం దాదాపు సిలబుల్‌తో సమానం కాబట్టి లెక్క తేలికే. "కీప్ ద కాస్ట్ డ్రై" అనే ఇంగ్లీషు వాక్యంలో నాలుగు పదాలు, నాలుగు సిలబుళ్లు. ఫలితం మైనస్ 2.23, అంటే ఒకటో తరగతి కూడా అక్కర్లేదు. అదే మాట తెలుగులో "కట్టు తడవకూడదు". రెండు పదాలు, ఎనిమిది అక్షరాలు. ఫలితం 32.39! మూడేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటకు ముప్పై రెండు తరగతులు చదవాలట.

ఇంకా చూడండి. "ఎముక విరిగింది" అంటే 26.49. "అస్థి భంగం" అంటే 8.79. అత్తకు తెలిసిన మాట కష్టమనీ, పండితుల మాట సులువనీ సూత్రం చెబుతోంది. ఆ అస్థి భంగాన్నే మధ్యలో ఖాళీ తీసేసి "అస్థిభంగం" అని రాస్తే సరిగ్గా 32. అక్షరాలు అవే నాలుగు. ఒక్క ఖాళీ పోయినందుకు ఇరవై మూడు తరగతులు పెరిగాయి. ఇంగ్లీషులో విడివిడి పదాలు చేసే పనిని తెలుగులో ప్రత్యయాలు చేస్తాయి. "తడవకూడదు"లో తడవడం, వద్దనడం రెండూ ఒకే పదంలో అతుక్కుని ఉన్నాయి. మన పదం పొడుగైనంత మాత్రాన కష్టం కాదు. కాబట్టి ఈ సూత్రాన్ని అరువు తెచ్చుకుంటే లాభం లేదు, చదివేవాళ్లను కూర్చోబెట్టి అడగాల్సిందే.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడి వందేళ్లు దాటినా, ఆ కాగితంలో "రక్తప్రసరణ లోపము గమనించినచో తక్షణమే సంప్రదించవలెను" అని ఉంది. అదీ అట్టడుగున! ప్రాణం మీదికి రాకుండా కాపాడే వాక్యం అది. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కట్టు లోపల నొప్పి పెరిగిపోతున్నా అర్ధరాత్రయినా సరే వచ్చేయమని రాయాలి కదా. "పౌష్టికాహారము" అనీ ఉంది. అత్తేమో పప్పు తింటే చీము పడుతుందని మానేసింది. ఎముక అతకడానికి ప్రోటీను కావాలి, పప్పు నిక్షేపంగా తినొచ్చు అని ఒక్క ముక్క రాస్తే ఆ భయం పోయేది.

ఆరు వారాలు ఎందుకో కూడా అందులో లేదు. అత్తకు ఏటిగట్టు గండి గురించి చెప్పాను. గండి పడితే ముందు ఇసుక బస్తాలు వేస్తారు. నీళ్లు ఆగుతాయి గానీ దాని మీద లారీ ఎక్కితే కుంగిపోతుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు, మృదులాస్థి అనే మెత్తని ఎముకలాంటి పదార్థం కలిసి మెత్తని అతుకు అవుతుంది, దాన్నే కాలస్ అంటారు. ఇవి బస్తాలు. ఆపైన ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలు కాల్షియం ఫాస్ఫేటు పేర్చి గట్టి కాలస్ కడతాయి, అది మట్టి పోసి దిమ్మిస కొట్టడం. ఎగుడుదిగుళ్లను ఆస్టియోక్లాస్టులనే ఎముకను కరిగించే కణాలు చెక్కి సరిచేయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

తర్వాత ఒక తెల్లకాగితం మీద రాశాను: "ఆరు వారాలు ఈ కాలు నేలకు ఆనించకండి. నిలబడినా, బాత్రూముకు వెళ్లినా మీ ఒంటి బరువు దీని మీద పడకూడదు." అత్త చేతికిచ్చి, ఏం అర్థమైందో నాకు తిరిగి చెప్పమన్నాను. అలా చెప్పించుకోవడాన్ని వైద్యంలో టీచ్-బ్యాక్ అంటారు.

అత్త రెండుసార్లు చదివి, కాలు స్టూలు మీద పెట్టుకుంది. "బస్తాల మీద లారీ ఎక్కించకూడదు. ఆ లారీ నేనే, అంతేనా?" అంది.