చివరి నిమిషాల్లో ఛార్జర్ చేసే పని

రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఈ మధ్య ఒక ప్రశ్న పంపాడు. అతని దగ్గర ఉన్నది మూడు సెల్లుల లిథియం పాలిమర్ ప్యాకు, సామర్థ్యం 2200 మిల్లీ యాంపియర్ అవర్లు. "ఛార్జర్ మొదట 2.2 యాంపియర్లు చకచకా ఎక్కిస్తుంది. ఒక్కో సెల్లు 4.20 వోల్టులకు చేరగానే కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. రావలసిన వోల్టేజీ వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు సాగదీస్తుంది? అప్పుడే తీసేస్తే నష్టమా?"

తీసేస్తే బ్యాటరీకి ఏ నష్టమూ లేదు. గాలిలో ఉండే సమయం కాస్త తగ్గుతుంది, అంతే. అయితే అతను అడిగిన మొదటి సగం ఉందే, అది అసలైన ప్రశ్న. లిథియం సెల్లు ఎందుకు వేగంగా నిండదో, ఎందుకు ఉబ్బుతుందో, ఎందుకు అంటుకుంటుందో అన్నీ ఆ సాగదీతను అర్థం చేసుకుంటే తెలిసిపోతాయి.

చరిత్రను రెండు ముక్కల్లో ముగిస్తాను. 1957లో బ్రిటన్‌లో కల్నల్ టాప్లిన్ విద్యుత్తుతో ఒక రేడియో కంట్రోల్ విమానాన్ని ఎగరేసినప్పుడు అందులో ఉన్నది వెండి, జింకు బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న కృషికి గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక సెల్లు లోపలికి వెళ్దాం. ఛార్జి చేయడమంటే ధన ఎలక్ట్రోడులో ఉన్న లిథియం అయాన్లను బయటికి లాగి, ద్రావణం గుండా అవతలి వైపుకు పంపి, గ్రాఫైటు పొరల మధ్య కూర్చోబెట్టడం. ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం చొప్పున కూర్చుంటే గ్రాఫైటు నిండినట్టు.

పెళ్లి భోజనాల హాలును ఊహించుకోండి. తలుపు ఒక్కటే, లోపల పొడవాటి బంతులు. తలుపు తీసిన కొత్తలో అన్ని విస్తళ్లూ ఖాళీ కాబట్టి ఎంతమంది వచ్చినా ఇట్టే సర్దుకుంటారు. ఛార్జింగ్‌లో మొదటి దశ ఇదే, స్థిరమైన కరెంటు. కాసేపటికి తలుపు దగ్గరి విస్తళ్లు నిండుతాయి, బంతి చివర మాత్రం ఇంకా ఖాళీగానే ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్లు లోపలికి జరిగితే తప్ప కొత్తవాళ్లకు చోటు దొరకదు. తలుపు దగ్గర నిలబడి చూసేవారికి హాలు నిండిపోయినట్టే కనిపిస్తుంది. ఛార్జర్ ఉన్నది కూడా తలుపు దగ్గరే. దానికి కనిపించే 4.20 వోల్టులు గుమ్మం దగ్గరి రద్దీని కలుపుకొన్న లెక్క. అందుకే అది వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, లోపల ఎంతమంది జరిగితే అంతమందినే వదులుతుంది. జరిగే చోటు తగ్గేకొద్దీ కరెంటు తగ్గుతుంది. ప్రారంభ కరెంటులో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో దిగాక చాలా ఛార్జర్లు ఆపేస్తాయి.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి, గ్రాఫైటు బంతులను కూడా వరస ప్రకారమే నింపుతుంది. రెండు పొరలను ఎడం చేయడానికి శక్తి ఖర్చవుతుంది కాబట్టి, ఒకసారి తెరుచుకున్న బంతిలోనే అయాన్లు ముందుగా చేరతాయి, పక్క బంతి ఖాళీగా ఉండిపోతుంది. ఒకటి విడిచి ఒకటి నిండాక గానీ మిగిలినవాటి వంతు రాదు. ఇది కంటికి కనిపిస్తుంది కూడా! నల్లటి గ్రాఫైటు నిండుతున్నకొద్దీ ముందు నీలంగా, తర్వాత ఎర్రగా, పూర్తిగా నిండాక బంగారు రంగులో మెరుస్తుంది.

మరి లోపల జరగకముందే బయటి నుంచి తోస్తే? వచ్చినవాళ్లు గుమ్మంలోనే కూలబడతారు. నిండిన గ్రాఫైటుకూ లోహ లిథియానికీ మధ్య తేడా దాదాపు 0.1 వోల్టు మాత్రమే. తోపుడు ఆ కొద్దిపాటి తేడాను మించితే అయాన్లు పొరల్లోకి వెళ్లకుండా ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటాయి. అందులో కొంత ఇక వెనక్కి రాదు, సామర్థ్యం ఆ మేరకు పోయినట్టే. కొంత సూదుల్లా పెరుగుతుంది. రెండు ఎలక్ట్రోడులను వేరు చేసే పొర మందం ఇరవై మైక్రాన్ల ప్రాంతం. సూది దాన్ని దాటిందంటే లోపలే షార్టు సర్క్యూట్, చుట్టూ మండే ద్రావకం. చలిలో అయాన్లు లోపలికి మెల్లగా జరుగుతాయి కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జి చేయవద్దనడానికి కారణం ఇదే. మన మైదానాల్లో ఆ బెడద లేదు గానీ, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో విమానం ఎగరేయాలనుకునేవారు ప్యాకును గదిలోనే ఛార్జి చేసుకుని బయలుదేరడం మంచిది.

ఇప్పుడు కాస్త లెక్క. కొత్త సెల్లు అంతర్గత నిరోధం 5 మిల్లీ ఓములనుకుంటే, 2.2 యాంపియర్ల దగ్గర అది మింగేది 11 మిల్లీ వోల్టులే. అదే పాతబడి 30 మిల్లీ ఓములకు పెరిగిన సెల్లుకు తొందరకొద్దీ 11 యాంపియర్లు పెట్టారనుకోండి, 330 మిల్లీ వోల్టులు నిరోధానికే పోతాయి. ఛార్జర్‌కు 4.20 కనిపించే సమయానికి సెల్లు అసలు వోల్టేజీ 3.87, అంటే సగం దాటి కొంచెం. "పావుగంటలో నిండిపోయింది" అనుకున్న పాత ప్యాకు విమానం పైకి లేచిన కాసేపటికే చేతులెత్తేయడానికి ఇదొక కారణం. ప్యాకు మీద 25సీ అని, అంటే సామర్థ్యపు అంకెకు 25 రెట్ల కరెంటు అని, ముద్రించి ఉంటే అది ఛార్జింగ్ వేగమనుకునేవారూ ఉన్నారు. అది డిశ్చార్జి హద్దు. ఛార్జింగ్ హద్దు విడిగా రాసి ఉంటుంది, లేకపోతే 1సీ, అంటే ఈ ప్యాకుకు 2.2 యాంపియర్లు.

4.20 అనే అంకె ధన ఎలక్ట్రోడు పెట్టిన షరతు. అక్కడ సాధారణంగా ఉండే లిథియం కోబాల్ట్ ఆక్సైడు తనలోని లిథియంలో సుమారు సగాన్నే క్షేమంగా వదులుకోగలదు. అంతకు మించి లాగితే దాని నిర్మాణం సడలి ఆక్సిజన్ విడుదలయ్యే స్థితి వస్తుంది. ప్యాకు రెండు చివరల మధ్య 12.60 కనిపించినంత మాత్రాన క్షేమం కాదు. 4.30, 4.30, 4.00 కలిపినా 12.60 అవుతుంది. మూడు సెల్లులకు నాలుగు సన్నని తీగలతో ఉండే తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్గు ఉన్నది అందుకే. ఛార్జర్ ఒక్కో సెల్లునూ విడిగా కొలిచి, ఎక్కువైనదాని నుంచి కొంత కరెంటును పక్కకు మళ్లిస్తుంది. ఆ ప్లగ్గు పెట్టకుండా ఛార్జి చేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మూఢనమ్మకాలు బ్యాటరీలకూ ఉన్నాయి. "మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టాలి", "అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయాలి" అనేవి పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నుంచి వచ్చిన ఆచారాలు. అప్పట్లో వాటికి అర్థం ఉండేది. లిథియం సెల్లును 3 వోల్టులకు దిగువకు దించితే అది దెబ్బతింటుంది. ఉబ్బిన ప్యాకును సూదితో గుచ్చి గాలి తీయడం ఇంకా ఘోరం. ఇంటర్ విద్యార్థి చేత సెల్లు వోల్టేజీని లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం వల్లె వేయిస్తాం. అతని జేబులోని ఫోను చివరి పది శాతానికి ఎందుకు ఆలస్యం చేస్తుందో మాత్రం అడగనివ్వం. ఒక ఛార్జర్, ఒక మల్టీమీటర్, ఒక గ్రాఫు కాగితం ఉంటే ఒక్క పీరియడ్‌లో నేర్పగలిగిన పాఠం ఇది. ఉపాధ్యాయుడు పక్కనే ఉండాలి, ప్యాకు గచ్చు మీద ఉండాలి, కాలే వస్తువేదీ దగ్గర ఉండకూడదు. అంతే.

ఆ విద్యార్థి మరొకటి కూడా అడిగాడు. నిండుగా ఛార్జి చేశాక వాన పట్టి విమానం ఎగరేయలేకపోతే ఏమి చేయాలి? రోజుల తరబడి నిండుగా, అందులోనూ వేడిలో ఉంచితే ద్రావకం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి, ప్యాకు ఉబ్బుతుంది. ఒక్కో సెల్లును 3.80, 3.85 వోల్టుల మధ్యకు దించి దాచాలి. ఛార్జర్లో ఆ ఏర్పాటు ఉంటుంది కానీ చిన్న ఛార్జర్లు చాలావరకు 5 వాట్లకు మించి ఖాళీ చేయలేవు. ఈ ప్యాకులో ఉండే శక్తి సుమారు 24 వాట్ అవర్లు, అందులో సగం తీయాలంటే రెండున్నర గంటలు కూర్చోవాలి. 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బు తగిలిస్తే ముప్పావు గంటలోపు అయిపోతుంది. బల్బు వెలుగుతున్నంతసేపు పక్కనే ఉండి, బ్యాలెన్స్ ప్లగ్గుకు చిన్న వోల్టేజీ మీటరు పెట్టి చూస్తూ, సెల్లు 3.80కి రాగానే తీసేయాలి. బల్బు తీశాక వోల్టేజీ కొద్దిగా పైకి లేస్తుంది, కాబట్టి పది నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి కొలవాలి.